ఎంబీబీఎస్ పాఠాలకు ఏది మేలు: లెక్చరా, పీబీఎల్లా?

ఎంబీబీఎస్ రెండో ఏడాది ఫార్మకాలజీలో (మందుల శాస్త్రం) ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల పాఠం ఉంటుంది. మన రాష్ట్రాల్లో డాక్టర్ కాబోయే ఎవరికైనా అది తప్పకుండా రావాలి. నేను ఆ పాఠాన్ని లెక్చర్‌గానూ చెప్పాను, పీబీఎల్‌గానూ నడిపాను. పీబీఎల్ అంటే ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, సమస్యతో మొదలయ్యే బోధన. రెండిటి తేడా ఈ ఒక్క పాఠంలోనే బాగా కనిపిస్తుంది.

లెక్చర్ అందరికీ తెలిసిందే. 150 మంది గ్యాలరీలో కూర్చుంటారు. నరాలు సందేశం పంపడానికి వదిలే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనేంటి, దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఏది, పురుగుమందు ఆ ఎంజైమ్‌ని ఎలా పని చెయ్యనివ్వదు, లక్షణాలు, విరుగుడు... గంటలో అంతా వరసగా అయిపోతుంది. నోట్స్ శుభ్రంగా ఉంటాయి. తప్పు చెప్పే అవకాశం తక్కువ.

పీబీఎల్‌లో పాఠం చెప్పకముందే పదిమందికి ఒక కాగితం ఇస్తాం. ‘పొద్దుటినుంచి మిరప చేలో మందు కొట్టిన 45 ఏళ్ల రైతును సాయంత్రం క్యాజువాలిటీకి తెచ్చారు. ఒళ్లంతా చెమట. నోట్లోంచి చొంగ కారుతోంది. కంటిపాపలు బాగా చిన్నవై ఉన్నాయి. నాడి నిమిషానికి 48. తొడ కండరాలు అదురుతున్నాయి.’ అంతే. ఇక వాళ్లే మాట్లాడుకోవాలి.

సాధారణంగా ముందు ‘ఎండదెబ్బ’ అంటారు. ‘అయితే నాడి వేగంగా కొట్టుకోవాలి కదా, 48 ఏంటి?’ అని ఇంకొకరు అడ్డుపడతారు. చర్చ అక్కడ మలుపు తిరుగుతుంది. నాడి తగ్గిందంటే గుండెను నెమ్మదింపజేసే పారాసింపథెటిక్ నరాల పని అనుకుంటారు. మరి చెమట వాటికి ఎదురుగా, ఒంటిని ఉరికించే సింపథెటిక్ నరాలు చేసే పని కదా, రెండూ ఒకేసారి ఎలా? చెమట గ్రంథుల దగ్గర సింపథెటిక్ నరాలు కూడా ఎసిటైల్‌కోలిన్‌నే వదుల్తాయన్నది ఫిజియాలజీలో అందరూ బట్టీ పట్టిన మినహాయింపే. అది ఎందుకు తెలుసుకోవాలో ఆ క్షణంలో తెలుస్తుంది. పల్లెటూరి నుంచి వచ్చిన ఒకమ్మాయి, ‘ముందు ఆయన చొక్కా విప్పి ఒళ్లు కడగాలి సార్, మా ఊళ్లో అదే చేస్తారు’ అంది. పురుగుమందు చర్మం గుండా లోపలికి వెళ్తూనే ఉంటుంది కాబట్టి చికిత్సలో అది నిజంగానే మొదటి పనుల్లో ఒకటి. లెక్చర్‌లో ఆ అమ్మాయికి నోరు తెరిచే అవకాశమే రాదు.

తెలియనివన్నీ బోర్డు మీద రాసుకుని వెళ్లి, చదువుకుని, మళ్లీ కలుస్తారు. అప్పుడు రెండో కాగితం ఇస్తాం: ‘విరుగుడుగా ఆట్రోపిన్ ఇచ్చాక చొంగ ఆగింది, నాడి పెరిగింది, కండరాల అదురు మాత్రం తగ్గలేదు.’ ఎసిటైల్‌కోలిన్‌ని అందుకునే రిసెప్టర్లు రెండు రకాలని, ఆట్రోపిన్ వాటిలో మస్కారినిక్ రిసెప్టర్లనే అడ్డుకుంటుందని, కండరాల దగ్గర ఉన్నవి నికోటినిక్ రిసెప్టర్లని, అందుకే ఎంజైమ్‌ని విడిపించే ప్రాలిడాక్సిమ్ అవసరం గురించి ఆలోచించాలని వాళ్లంతట వాళ్లే తేల్చుకుంటారు.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. కెనడాలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మెడికల్ స్కూల్ మొదటి బ్యాచ్ నుంచే పాఠాలు ఇలా నడిపింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ 1970లలో దీన్ని ఏడు మెట్లుగా క్రమబద్ధం చేసింది. హార్వర్డ్ 1985లో లెక్చర్లు కొన్ని ఉంచుకునే దీన్ని కలుపుకుంది.

ఇంత బాగుంటే అన్ని పాఠాలూ ఇలాగే ఎందుకు చెప్పకూడదు? మొదటి అడ్డంకి మనుషులు. 150 మందిని పదేసి మందిగా విడగొడితే 15 మంది ట్యూటర్లు కావాలి. ఏ ఫార్మకాలజీ డిపార్ట్‌మెంట్‌లో అంతమంది ఉంటారు? ఉన్నా, ట్యూటర్‌గా కూర్చోవడం అంత తేలిక కాదు. కొందరు ఐదు నిమిషాలకే లెక్చర్ మొదలుపెడతారు. కొందరు పిల్లలు తప్పుదారిలో వెళ్తున్నా పలకరు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తాము వాదించి గెలిచిన తప్పుని పిల్లలు చాలాకాలం మర్చిపోరు.

ఇంకోటి సమయం. లెక్చర్‌లో గంటలో అయ్యేదానికి ఇక్కడ రెండు సిట్టింగులు, మధ్యలో సొంత చదువు కావాలి. యాంటీబయాటిక్స్ వర్గీకరణ లాంటివాటికి ఇంత ఖర్చు దండగ. వాటికి మంచి లెక్చరే మేలు.

పరిశోధనలూ ఇంచుమించు ఇదే చెప్తున్నాయి. 43 అధ్యయనాలను కలిపి చూసిన 2003 నాటి ఒక సమీక్షలో పీబీఎల్ పిల్లలు తెలిసినదాన్ని వాడటంలో స్పష్టంగా ముందున్నారు. విషయ పరిజ్ఞానంలో కొంచెం వెనకబడ్డారు, కానీ నేర్చుకున్నంతవరకు ఎక్కువకాలం గుర్తుపెట్టుకున్నారు. 2006లో కిర్షనర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు గట్టి అభ్యంతరం చెప్పారు: పునాది లేనివాడికి సమస్య ఇస్తే, దారి వెతుక్కోవడంలోనే బుర్ర అలసిపోయి నేర్చుకోవడానికి ఏమీ మిగలదని. పీబీఎల్‌లో ట్యూటర్ దారి చూపిస్తూనే ఉంటాడు, పిల్లల్ని గాలికి వదిలెయ్యడం కాదని మరుసటి ఏడాదే దానికి జవాబు వచ్చింది. నాకు రెండు వైపుల మాటా నిజమే అనిపిస్తుంది. ఫిజియాలజీ ఒక ఏడాది చదివొచ్చినవాళ్లకి రైతు కాగితం పనికొస్తుంది. నీట్ కోచింగ్ నుంచి నేరుగా వచ్చి నెల తిరగనివాళ్లకి అదే కాగితం ఇస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇక భాష. ఇంగ్లీష్‌లో ధాటిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురు గ్రూప్‌ని లాగేస్తారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు తెలిసినా నోరు మెదపరు. చర్చ తెలుగులో చెయ్యండి, ముగింపు మాత్రం ఇంగ్లీష్‌లో రాయండి అంటే చాలావరకు సర్దుకుంటుంది. రేపు పేషెంట్‌తో మాట్లాడేది ఎలాగూ తెలుగులోనే.

2019 బ్యాచ్ నుంచి అమలైన కొత్త కరికులం లెక్చర్లు మొత్తం సమయంలో మూడో వంతు దాటకూడదంది. ఉద్దేశం మంచిదే. కానీ నేను చూసినంతలో, మనుషుల్ని పెంచకుండా టైమ్‌టేబుల్ మారిస్తే ‘చిన్న గ్రూప్’ పేరుతో యాభై మందికి ఇంకో లెక్చర్ జరుగుతుంది.

మన కాలేజీలకు ఎక్కువ నప్పేది మూడో దారి, టీమ్ బేస్డ్ లెర్నింగ్. అమెరికాలో లారీ మైకెల్సన్ అనే ప్రొఫెసర్ 1970ల చివర్లో, క్లాసు పెద్దదైపోయినప్పుడు దీన్ని తయారుచేశారు. పిల్లలు ముందే చదువుకొస్తారు. ఒక చిన్న టెస్ట్ ఎవరికి వాళ్లు రాస్తారు, తర్వాత అదే టెస్ట్ టీమ్‌గా రాస్తారు. ఆ పైన ఒకే సమస్యకి అన్ని టీములూ ఒకేసారి జవాబు చూపించి, ఎందుకో వాదించుకోవాలి. హాల్లో ఒక్క టీచర్ చాలు. తప్పు అక్కడికక్కడే దిద్దబడుతుంది. పదిమంది గదిలో ఉన్న లోతు దీనికి రాదు, కానీ వట్టి లెక్చర్ కన్నా ఎంతో నయం.

నన్నడిగితే మొదటి ఏడాది లెక్చర్, డిసెక్షన్ (శవాన్ని కోసి నేర్చుకోవడం) గట్టిగా ఉండాలి. రెండో ఏడాది నుంచి పునాది లెక్చర్‌లో వేసి, నెలకొకసారి టీమ్ పద్ధతి పెట్టాలి. విషప్రభావాలు, గర్భిణిలో రక్తహీనత, షుగర్ లాంటి నాలుగైదు పాఠాలను ఎంచుకుని, పీజీలకు ముందుగా శిక్షణ ఇచ్చి, వాటిని మాత్రం అసలైన పీబీఎల్‌గా నడపాలి. ఇంటర్నల్స్‌లో కూడా కేసు ఇచ్చి కారణం అడిగే ప్రశ్నలు పెట్టాలి. నీట్ పీజీలో 200 బిట్లు ఎదురుచూస్తున్న పిల్లలు, మార్కులు రాని పాఠానికి ఎంత మంచిదని చెప్పినా సమయం పెట్టరు. వాళ్లని తప్పుపట్టలేం.