కోడాక్రోమ్ 64: చాలా ఏళ్లు వాడాక

కోడాక్రోమ్ అనేది కోడాక్ కంపెనీ స్లైడు ఫిల్ము, అంటే తెర మీద వేసి చూసే పారదర్శక రంగు బొమ్మలు ఇచ్చే ఫిల్ము. దాని స్లైడును దీపం పక్కన ఏటవాలుగా పట్టుకుని ఎమల్షన్ (బొమ్మ ఏర్పడే రసాయన పూత) వైపు చూడండి. బొమ్మ అంచులు చెక్కినట్టు పైకి తేలి కనిపిస్తాయి. ఈ ఫిల్ము అందమూ, అది మళ్లీ రాకపోవడానికి కారణమూ రెండూ అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు దొరికే ఇ-6 రకం (ఇ-6 అనేది మామూలు స్లైడు ప్రాసెసింగ్ పద్ధతి) స్లైడు ఫిల్ముల్లో రంగు పుట్టించే రసాయనాలు, అంటే కప్లర్లు, ఫిల్ము పొరల్లోనే ఉంటాయి. కోడాక్రోమ్‌లో అవి లేవు. పొరలన్నీ బ్లాక్ అండ్ వైట్ ఎమల్షన్లే. అందుకే అవి అంత పలచగా ఉండేవి, బొమ్మ అంత పదునుగా వచ్చేది. రంగు మొత్తం కె-14 అనే దాని సొంత ప్రాసెసింగ్‌లో డెవలపర్ల (బొమ్మను బయటికి తెచ్చే రసాయనాల) నుంచి వచ్చి చేరేది. ముందు వెనకవైపున్న నల్లటి రెమ్‌జెట్ పూత తీసేయాలి. తర్వాత మొదటి డెవలపర్. ఆపైన వెనక నుంచి ఎర్ర కాంతి వేసి సయాన్ (నీలాకుపచ్చ) డెవలపర్, ముందు నుంచి నీలి కాంతి వేసి పసుపు డెవలపర్, మిగిలిన పొరను రసాయనంతో ఫాగ్ చేసి (కాంతి తగిలినట్టు చేసి) మెజెంటా (గులాబీ ఊదా) డెవలపర్. చివర్లో బ్లీచ్, ఫిక్సర్, కడుగుడు. ఇది ఇంట్లో చిన్న ట్యాంకులో అయ్యే పని కాదు. రసాయనాల బలాన్ని రోజూ పరీక్షించుకునే ల్యాబ్ ఉండాలి. ఫిల్ము తయారీ ఆగితే ల్యాబ్ నిలవదు, ల్యాబ్ మూతపడితే ఫిల్ము ఉన్నా లేనట్టే.

జరిగింది అదే. మానెస్, గొడౌస్కీ అనే ఇద్దరు సంగీతకారులు కనిపెట్టిన ఈ ఫిల్ము 1935లో మొదలైంది. 64 రకం 1974లో వచ్చింది; 64 అంటే దాని వేగం, కాంతికి ఎంత స్పందిస్తుందో చెప్పే కొలత. నిలిపివేస్తున్నట్టు 2009 జూన్‌లో ప్రకటించారు. ఆఖరి ల్యాబ్ అమెరికాలో కాన్సస్‌లోని పార్సన్స్ ఊళ్లో ఉండేది. అది 2010 డిసెంబరు 30 వరకే రోల్స్ తీసుకుంది. ఇప్పుడు డెవలప్ చేయని పాత రోల్ ఎక్కడైనా దొరికితే దాన్నుంచి బ్లాక్ అండ్ వైట్ బొమ్మలే ఆశించాలి, అదీ రెమ్‌జెట్ వదిలించాకే. 2018లో తిరిగొచ్చిన కోడాక్ ఇ-6 ఫిల్ము ఎక్టాక్రోమ్ మంచిదే, కానీ ఈ ఎరుపు, ఈ చిక్కటి నీడ దానిలో రావు.

వాడిన రోజుల్లో ఇది కరకు ఫిల్ము. అర స్టాప్ (ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు కావడమో సగం కావడమో) ఎక్కువైతే తెలుపు తెల్లకాగితం అయిపోయేది. అందుకే కాంతి కొలిచే మీటరును 64 బదులు 80కి పెట్టి చాలామంది తీసేవారు. నిండు ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టరు 1/250 సెకను కొలత. నీడలో నీలం ఎక్కేది కాబట్టి దాన్ని తగ్గించే 81ఎ ఫిల్టరు కావాల్సి వచ్చేది. బల్బు వెలుతురు పసుపును సరిచేసే నీలి 80ఎ ఫిల్టరు వేస్తే రెండు స్టాపులు పోయి వేగం 16కి దిగేది. అప్పుడు ట్రైపాడ్ తప్పేది కాదు.

చీకట్లో దాచితే దీని రంగులు దశాబ్దాలు చెక్కుచెదరవు. ప్రొజెక్టరు దీపం ముందు మాత్రం ఇ-6 స్లైడ్ల కన్నా త్వరగా వెలిసిపోతాయి. మంచి స్లైడును పదేపదే తెర మీద వేయడం దాన్ని అరగదీయడమే. వేయాలనుంటే నకలు తీసి వేయండి.

ఇక స్కానింగు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తుడిచే సౌకర్యాన్ని ఆపేయండి. కోడాక్రోమ్ ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా కొంత అడ్డుకుంటుంది. దాంతో స్కానరు ముదురు అంచులను దుమ్మనుకుని చెరిపేస్తుంది, కనురెప్పలు, కొమ్మల చివర్లు అలుక్కుపోతాయి. నికాన్ కూల్‌స్కాన్ 9000 స్కానరులో దీనికోసం వేరే ఏర్పాటు ఉంది. మిగతా చాలావాటిలో బ్లోయరు, మెత్తటి కుంచె, ఓపిక, అంతే. మామూలు స్లైడు ప్రొఫైల్‌తో (స్కానరుకు రంగులు సరిచేసే ఫైలుతో) చేస్తే బొమ్మంతా నీలం తిరుగుతుంది. కోడాక్రోమ్ మీదే అచ్చయిన ఐటీ8 టార్గెట్‌తో (తెలిసిన రంగుల గళ్ల పలకతో) ప్రొఫైల్ కట్టుకోవాలి. 4000 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, సుమారు 21 మెగాపిక్సెళ్లు వస్తాయి. డిజిటల్ కెమెరాతో తీసేవాళ్లు 1:1 (అసలు సైజులో తీసే) మాక్రో లెన్స్, ఎఫ్/8, కనీస ఐఎస్ఓ (కెమెరా వేగం), రంగులు సరిగా చూపే లైట్ వాడండి. స్లైడు ఉండే చోట చిన్న అద్దం పెట్టి చూడండి. లెన్స్ ప్రతిబింబం ఫ్రేము నడిమధ్యకు వస్తేనే కెమెరా, స్లైడు సమాంతరంగా ఉన్నట్టు. నీడల కోసం ఒక స్టాప్ ఎక్కువతో ఇంకోటి తీసి కలపండి.

డిజిటల్‌లో నీడలు తేలిగ్గా లేపొచ్చు, ఐఎస్ఓ ఎంతైనా పెంచొచ్చు. వెలుగు మీద జాగ్రత్త మాత్రం అదే: కాలిపోయిన తెలుపు రా (కెమెరా మార్పులు చేయని) ఫైల్లోనూ తిరిగి రాదు. కోడాక్రోమ్ పేరుతో దొరికే ప్రీసెట్లు (సిద్ధంగా ఉన్న రంగుల సెట్టింగులు) ఎరుపును పెంచి నీడను నల్లచేస్తాయి. నీడలోని ఆ రంగును అవి ఇవ్వలేవు, వాటి మీద డబ్బు పెట్టొద్దు.

ఫైలు పేరు పెట్టేముందు అట్ట మౌంటు మీది నెల, సంవత్సరం ముద్ర చూడండి. అది డెవలప్ చేసిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. ఫ్రేము నంబరుతో పాటు దాన్నీ రాసుకోండి.