జిగని గ్రానైట్ షాపు: రాయికి నాలుగు స్టార్లు, బిల్లుకి ఒకటే

బెంగళూరు పక్కన చందాపురలో కొత్తిల్లు. వంటగదికి, మెట్లకి రాయి కోసం జిగని రోడ్డులో ఒక షాపుకి వెళ్లాం. షాపు పేరు రాయను.

ముందు మంచి చెప్తాను. గెలాక్సీ రాయి, అంటే మా చీమకుర్తి నల్ల గ్రానైట్, అసలైనదే. నల్లటి పలకలో బంగారు చుక్కలు దగ్గరదగ్గరగా, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉన్నాయి. దూది థిన్నర్‌లో ముంచి రుద్దితే నలుపు అంటలేదు, అంటే రంగేసిన సరుకు కాదు. సింకు కోత కరెక్ట్‌గా కుదిరింది, అంచులు గుండ్రం చేసే నోజింగ్ నున్నగా వచ్చింది. లోడ్ చెప్పిన రోజే దింపారు.

గొడవంతా బిల్లు దగ్గరే. తీసుకున్నది 140 అడుగులు. "బిల్లు వద్దంటే అడుక్కి 30 తగ్గిస్తానమ్మా, మనదీ ఒంగోలే" అన్నాడు ఓనరు. కావాల్సిందే అన్నాను. ఇచ్చాడు, 90 అడుగులకి. డబ్బు మాత్రం 140కి తీసుకున్నాడు.

నాకీ లెక్క చిన్నప్పుడే తెలుసు. మా నాన్న చీమకుర్తి క్వారీలో బ్లాకులు కొలిచే గుమాస్తా. టేపు ఒకటి చూపిస్తే పుస్తకంలో ఇంకొకటి పడేది. అప్పట్లో సీనరేజి, అంటే రాయి తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము, క్యూబిక్ మీటర్ల మీద కట్టేవాళ్లు కాబట్టి, కాగితం మీద బ్లాకు పొడుగు ఒక జానెడు తగ్గినా ప్రభుత్వానికి అంత గండి. ఒకే పర్మిట్ మీద లారీ రెండు ట్రిప్పులు కొట్టడం ఇంకో పద్ధతి. తనిఖీ అంటే చాలు, ఆ టెన్షన్‌కి నాన్న అన్నం సగంలోనే లేచేవాడు. 2015లో గనుల చట్టం సవరించి, గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. దానికి జమయ్యేదీ ఈ లెక్కని బట్టే. పుస్తకానికెక్కని రాయి వల్ల ఆ ఊళ్లకి పైసా రాదు. మా ఊరి పక్క గొయ్యి మాత్రం పూర్తి కొలతతోనే లోతైంది.

"నాలుగు మెట్లకి ఇంత విచారణా తల్లీ?" అని నవ్వాడు ఓనరు. ఈ కర్ణాటకలోనే 2010లో బేలెకేరి రేవులో సీజ్ చేసి పెట్టిన ఇనుప ఖనిజం లక్షల టన్నులు మాయమైన సంగతి గుర్తుచేశాను. అది పెద్దవాళ్ల వ్యవహారమట.

మూడోసారి అడిగాక బిల్లు 140కి సరిచేశాడు. మీరు వెళితే అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ మాట తేల్చుకోండి. క్వారీ పర్మిట్ కాపీ కూడా అడిగాను. గోడౌన్‌లో ఉంది, పంపిస్తానన్నాడు. మూడు వారాలైంది. జిగని నుంచి చందాపురకి అరగంట దారి.