సోషల్ డెమోక్రసీ, డెమోక్రటిక్ సోషలిజం: తేడా ఎక్కడ?

ఈ రెండు సిద్ధాంతాలకూ ఎన్నికలు, పార్టీల పోటీ సమ్మతమే. పేచీ అంతా యాజమాన్యం దగ్గరే. చీమకుర్తి గ్రానైట్ క్వారీనే తీసుకోండి.

సోషల్ డెమోక్రసీ: లీజు యజమాని చేతిలోనే ఉంటుంది. గట్టిగా పన్ను వేసి, రాతిదుమ్ము పీల్చే కార్మికుడికి వైద్యం, పింఛను ఇస్తారు. స్వీడన్‌ది ఈ దారే. పశ్చిమ జర్మనీ సోషల్ డెమోక్రటిక్ పార్టీ 1959లో గోడెస్‌బర్గ్ మహాసభలో ఇటే మొగ్గింది.

డెమోక్రటిక్ సోషలిజం: క్వారీయే ప్రజలదో, కార్మికుల సహకార సంఘానిదో కావాలి. ఓటుతోనే సుమా! బ్రిటన్ 1947లో బొగ్గు గనులను జాతీయం చేసింది.

ఖర్చు: మొదటిదాంట్లో ఏటా పన్ను; రెండోదాంట్లో ముందే యజమానికి నష్టపరిహారం.

ముప్పు: మొదటిదాంట్లో తర్వాతి ప్రభుత్వం సంక్షేమానికి కోత పెట్టవచ్చు. రెండోదాంట్లో యజమాని పోయి అధికారి పెత్తనం రావచ్చు. పైగా ఇదీ శాశ్వతం కాదు, బ్రిటన్ గనులను 1994లో అమ్మేశారు.

పన్ను సరిగా వసూలై, కార్మిక సంఘాలు బలంగా ఉన్నచోట మొదటిది చాలు. లాభమంతా ఊరు దాటిపోయి, గుంతలే మిగిలేచోట నా మొగ్గు రెండోదానికే.