శ్రీకాకుళంలో డిఫెండర్లను తీర్చిదిద్దే కబడ్డీ శిక్షణ కేంద్రం: పద్నాలుగు నెలల తర్వాత నా అభిప్రాయం

మా రెండో అబ్బాయిని పద్నాలుగు నెలల క్రితం శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న కబడ్డీ శిక్షణ కేంద్రంలో చేర్చాను. అప్పటికి వాడికి పదిహేనేళ్లు నిండి రెండు నెలలైంది. దాన్ని నడిపే మాస్టారు తమ పేరు గానీ కేంద్రం పేరు గానీ రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. పిల్లవాణ్ణి కబడ్డీలో పెట్టాలనుకునే తల్లిదండ్రులు ఏ శిక్షణ కేంద్రానికి వెళ్లినా ఏమి గమనించాలో తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

మన పల్లెల్లో సంక్రాంతికి జరిగే చెడుగుడు పోటీల్లో చప్పట్లన్నీ కూతకు వెళ్లి వచ్చినవాడికే దక్కుతాయి. అందుచేత శిక్షణకు వచ్చే ప్రతి పిల్లవాడూ రైడర్, అంటే కూతకు వెళ్లేవాడు, కావాలనే వస్తాడు, పట్టు నేర్పమని అడిగేవాడు అరుదు. ఈ కేంద్రంలో మాత్రం చేరిన మొదటి మూడు నెలలు ఎవరినీ కూతకు పంపరు. అందరూ డిఫెన్స్‌లోనే, అంటే కూతకు వచ్చినవాణ్ణి పట్టే వైపే, నిలబడాలి. మా అబ్బాయికి ఇది మొదట్లో ఎంతో కష్టంగా తోచింది. రెండో వారం మానేస్తానని కూడా అన్నాడు.

ఆ వారంలోనే నేను ఒక ఉదయం గోడ పక్కన కూర్చుని శిక్షణంతా చూశాను. కార్నర్‌లో, అంటే కోర్టు మూలలో, నిలబడిన నలుగురు పిల్లల చేత మాస్టారు చేతులు వెనక్కి కట్టించారు. ఎదురుగా ఒక పెద్ద కుర్రవాడు కూతకు వచ్చి కాలు చాపుతున్నాడు, ముందుకు వచ్చినట్టే వచ్చి వెనక్కి జరుగుతున్నాడు. పిల్లలు పాదాలు మాత్రమే కదపాలి, పట్టుకోకూడదు. సుమారు నలభై నిమిషాలు అదే పని. మా వాడు రైడర్ పాదం దగ్గరికి రాగానే భుజాలతో ముందుకు తూలిపోతుంటే మాస్టారు పక్కకు వచ్చి, "బాబూ, ఆడి మొగం చూడకు, కాలు చూడు. ఆడు ఎనక్కి తిరిగినప్పుడే నీ టైము" అన్నారు. ఆ మాట ఆ ఉదయం కనీసం ఇరవై సార్లు విన్నాను.

ఆ మాటలో ఎంత విషయం ఉన్నదో నాకు తర్వాత అర్థమైంది. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే ఒక్కో జట్టుకు దక్కేది ఆరున్నర మీటర్లే. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాల్క్ లైన్ ఉంటుంది, ఎవరినీ తాకని రైడర్ కనీసం ఒక్కసారైనా దాన్ని దాటాలి. ఆ గీతకూ వెనక గీతకూ మధ్య మిగిలేది 2.75 మీటర్ల చోటు. కార్నర్ ఆటగాడు ఆ ఇరుకులోనే, మడమ గీత దాటకుండా చూసుకుంటూ, వచ్చినవాడిని లోపలికి రానిచ్చి, వాడు వెనక్కి మళ్లేటప్పుడు చివరగా మిగిలే కాలిని రెండు చేతులతో చీలమండ దగ్గర అందుకోవాలి. ముందే దూకితే వాడి రెండు కాళ్లూ, శరీర బరువూ ఇంకా మన వైపే ఉంటాయి. విదిలించుకుని మధ్య గీత అందుకున్నాడంటే వాడికి పాయింటు వస్తుంది, మనవాడు అవుటవుతాడు, ఆ మూల ఖాళీ అవుతుంది. పదిహేను, పదహారేళ్ల డిఫెండర్లలో నేను చూసిన అతి పెద్ద లోపం ఈ తొందరే. దాన్ని మాన్పించడానికి ఇంత ఓపికగా సమయం వెచ్చించే శిక్షకుణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

డిఫెన్స్ విలువ తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆసియా క్రీడల్లో 1990 నుంచి 2014 వరకు పురుషుల కబడ్డీ స్వర్ణాలన్నీ మన దేశానివే. 2018లో జకార్తాలో జరిగిన సెమీఫైనల్లో ఇరాన్ గట్టి డిఫెన్స్‌తో మనల్ని 27-18 తేడాతో ఓడించింది. ఆ జట్టులోని లెఫ్ట్ కార్నర్ ఫజల్ అత్రాచలి ప్రో కబడ్డీలోనూ ఎన్నో సీజన్లు ఆడి, ఆ లీగ్ చూసేవారందరికీ సుపరిచితుడయ్యాడు. మాస్టారు పిల్లలకు అతని ఆటను ఫోన్‌లో చూపించేటప్పుడు పట్టు పడిన క్షణాన్ని కాక, దానికి ముందు అతని పాదాలు ఎక్కడున్నాయో ఆపి చూపిస్తారు.

ఇక అసలు విషయం, పిల్లవాణ్ణి పెద్దల జట్టులోకి గానీ కోర్టులో ఒక స్థానం నుంచి మరో స్థానానికి గానీ మార్చడం. ఇందులో నాకు ఒక చేదు అనుభవం ఉన్నది. మా పెద్దబ్బాయి వేరొక చోట శిక్షణలో ఉండగా, పదిహేనేళ్ల వయసులోనే వాణ్ణి ఊళ్ల మధ్య జరిగే ఓపెన్ పోటీకి పెద్దల జట్టులో లెఫ్ట్ కార్నర్‌గా దింపారు. జూనియర్ పోటీల్లో వయసుకూ బరువుకూ పరిమితి ఉంటుంది, ఆ పోటీలో అటువంటిదేమీ లేదు. పట్టు సరిగ్గానే పడిందని చూసినవారు చెప్పారు. కానీ ఎదుటివాడు మా వాడి కంటే చాలా బరువైనవాడు, కాలు విదిలించేసరికి వీడి మోకాలు మెలిపడింది. ఆరు వారాలు మంచంలో ఉన్నాడు, ఆ తర్వాత మళ్లీ కోర్టు ఎక్కలేదు. ఆ రోజు వాణ్ణి వెళ్లవద్దని చెప్పకపోయినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

అందుకే ఈ కేంద్రంలో పాటించే క్రమాన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను. పిల్లవాణ్ణి పెద్దల జట్టులోకి తీసుకున్నా నేరుగా మూలలో నిలబెట్టరు. అనుభవమున్న కార్నర్ పక్కన, అతని చేయి పట్టుకుని ఆడే 'ఇన్' స్థానంలో ఉంచి, మొదట సాధన మ్యాచ్‌లు మాత్రమే ఆడిస్తారు. పట్టు పెద్దవాడు మొదలుపెడతాడు, చిన్నవాడు సాయం పడతాడు. అలా నాలుగైదు నెలలు గడిచాకే మూలకు పంపుతారు. పొడవూ బరువూ పెరిగిన పిల్లల్ని కార్నర్ నుంచి కవర్‌కు, అంటే మూలకూ మధ్యకూ నడుమ ఉండే స్థానానికి, మార్చడం కూడా ఇక్కడ జరుగుతుంది. మా అబ్బాయి ఈ ఏడాదిలో బాగా పొడవు పెరిగాడు, వంగి చీలమండ అందుకోవడం వాడికి ఆలస్యమవుతోంది. మాస్టారు నన్ను పిలిచి, "మీవాడిని కవర్‌కి మారుస్తాను. రెండు నెలలు ఆట తగ్గినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి" అని ముందుగానే చెప్పారు. అలాగే తగ్గింది. మూడో నెలలో, డిఫెన్స్‌లో ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు పట్టే పట్టు, అంటే సూపర్ ట్యాకిల్ సాధనలో, వాడు రైడర్‌ను భుజంతో లాబీ (కోర్టు పక్క అంచు పట్టీ) అవతలికి నెట్టడం నేను కళ్లారా చూశాను.

బరువు తూచే రోజున పిల్లలు అన్నం, నీళ్లు మానేయడాన్ని ఇక్కడ ఒప్పుకోరు. బరువు మించితే ఆ పోటీకి పంపరు, అంతే.

లోపాలు లేకపోలేదు. మ్యాట్ పాతది, రెండు చోట్ల అతుకులు లేచి గోళ్లకు తగులుతున్నాయి. రెండుసార్లు చెప్పినా టేపు అంటించారు తప్ప మార్చలేదు. రేకుల షెడ్డు సగమే కప్పారు, వానాకాలంలో వారానికి రెండు మూడు రోజులు సాధన ఆగిపోతుంది. దెబ్బ తగిలితే మంచు ముక్కలు, గుడ్డ తప్ప మరేమీ ఉండవు, ఆసుపత్రికి మనమే తీసుకువెళ్లాలి. ఆడపిల్లలకు వారానికి రెండు రోజులే కేటాయించారు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చలేదు, మాస్టారితోనూ చెప్పాను.

ఫీజు నెలకు ఏడువందలు, రెండు నెలలు ఆలస్యమైనా పిల్లవాణ్ణి బయట నిలబెట్టరు. సాధన ఉదయం ఐదున్నరకు మొదలవుతుంది. మ్యాట్ బాగుచేసి షెడ్డు పూర్తిగా కప్పితే ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ణి, ప్రస్తుతానికి నాలుగు ఇస్తున్నాను. చేర్చే ముందు ఒక ఉదయం వెళ్లి గోడ పక్కన కూర్చుని చూడండి, మాస్టారు అభ్యంతరం చెప్పరు. మా వాణ్ణి వచ్చే జూన్ తర్వాత పెద్దల జట్టులో కవర్‌గా ఆడిస్తామన్నారు, అదీ మొదట సాధన మ్యాచ్‌ల్లోనే.