చెత్త కంపెనీ ఏదో జనమే తేల్చే పబ్లిక్ ఐ అవార్డ్స్, నా రివ్యూ

ప్రతి జనవరిలో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో పెద్ద పెద్ద కంపెనీల బాస్‌లంతా కలుస్తారు కదా, సరిగ్గా అదే టైంలో అక్కడే ప్రపంచంలో అన్నిటికంటే దారుణమైన కంపెనీ ఏదో ఆన్‌లైన్‌లో జనంతో ఓట్లు వేయించి మరీ అవార్డు ఇచ్చేవాళ్ళు. బెర్న్ డిక్లరేషన్ అనే స్విట్జర్లాండ్ ఎన్జీఓ వాళ్ళు, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ళు కలిసి నడిపారు, 2015తో ఆపేశారు.

ఓటేయడం సినిమా అవార్డుల పోల్ అంత ఈజీ, కానీ నాకు నచ్చింది అది కాదు. పేరు ఎవరు పడితే వాళ్ళు ఎక్కించడానికి కుదరదు, ఎన్జీఓలు ఆధారాలతో కంపెనీ పేరు పంపితే అందులోంచి కొన్నే ఓటింగుకి వచ్చేవి. ఆ కంపెనీ ఎక్కడ ఏం చేసిందో కూడా పక్కనే రాసుండేది, అసలు విలువంతా అక్కడే ఉంది. ఆటలా ఉందని వచ్చినవాడు కనీసం ఒక్క ఊరి బాధైనా చదివి వెళ్ళేవాడు.

ఓట్ల లెక్క దగ్గరే నాకు తేడా కొట్టింది. 2012లో 88 వేలకు పైగా ఓట్లు పడ్డాయి, అమెజాన్ అడవుల్లో నది మీద కట్టే బెలో మోంటే డ్యామ్‌లో వాటా ఉన్న బ్రెజిల్ మైనింగ్ కంపెనీ వాలే గెలిచింది, జపాన్‌లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు కేంద్రం నడిపిన టెప్కో వెయ్యి ఓట్ల లోపు తేడాతో రెండోది. నది పోగొట్టుకున్నవాళ్ళ బాధ, రేడియేషన్‌కి ఇల్లు వదిలేసినవాళ్ళ బాధ, ఈ రెండిట్లో ఏది పెద్దదో క్లిక్కులతో ఎలా తేలుస్తాం చెప్పండి, ఎవరి వెనక ఎక్కువమంది ప్రచారం చేస్తే వాళ్ళ కేసే పైకొస్తుంది. అదే పోటీలో ఉన్న అమెరికా మైనింగ్ కంపెనీ ఫ్రీపోర్ట్‌కి ఇండోనేషియాలోని పపువాలో ఉన్న గని పక్కనుండే మనిషికి అసలు నెట్ అందుతుందా? అందుకే జనం ఓటుతో పాటు విడిగా జ్యూరీ అవార్డు కూడా పెట్టడం చాలా మంచి పని, ఆ ఏడాది జ్యూరీ తిండిగింజల ధరల మీద జూదంలాంటి స్పెక్యులేషన్ చేసినందుకు బ్రిటన్ బ్యాంకు బార్‌క్లేస్‌ని ఎంచింది.

మనవాళ్ళకి దగ్గరగా తగిలేది భోపాల్. యూనియన్ కార్బైడ్‌ని 2001లో కొనేసి భోపాల్ బాధ్యత మాత్రం మాది కాదన్న డౌ కెమికల్‌కి 2005లో ఈ అవార్డుల్లో ఒకటి ఇచ్చారు. దాంతో బాధితులకి పైసా రాలేదు, నాకు తెలుసు, కానీ డౌ పేరు పక్కన భోపాల్ పేరు దావోస్‌లో గట్టిగా వినబడింది, అదీ తక్కువేం కాదు.

ఇంకో లోటు, ఓటేశాక మనం చేయడానికి ఏమీ లేకపోవడం. కనీసం బాధితుల సంఘానికి ఉత్తరం రాసే దారైనా చూపించాల్సింది. 5కి 3.5 ఇస్తాను, ఆ అర మార్కు జ్యూరీ కోసమే.