రేడియేషన్ తగిలిన కణాన్ని చూడటానికి ఏది మేలు: రామనా, ఎఫ్‌టీఐఆరా?

రెండూ కాంతితో కణంలోని రసాయనాలను చదివే పద్ధతులే. రామన్‌లో లేజర్ కాంతి రంగు మారి చెదరడాన్ని, ఎఫ్‌టీఐఆర్‌లో పరారుణ కాంతిని కణం పీల్చుకోవడాన్ని కొలిచి, వర్ణపటం అనే గీతగా గీస్తాం. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. కణం బతికి ఉండగానే దానిలో మార్పులు గమనించాలంటే రామన్. తక్కువ టైములో ఎక్కువ కణాలు చూడాలంటే ఎఫ్‌టీఐఆర్. ఫలానా మనిషికి ఎంత డోసు తగిలిందో తేల్చాలంటే మాత్రం రెండూ పక్కన పెట్టి, పాత క్రోమోజోమ్ పరీక్షకే వెళ్లాలి.

ఈ రెండు పద్ధతుల గురించి మాట్లాడేవాళ్లు తరచూ దాటేసే సంగతి ఒకటుంది. ఒక గ్రే (ఒంట్లోకి దిగిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) ఎక్స్-రే డోసు పడితే, ఒక్కో మానవ కణంలో డీఎన్‌ఏ రెండు పోగులూ కలిసి తెగే చోట్లు సుమారు 40. ఒక పోగు మాత్రమే తెగేవి వెయ్యి దాకా ఉంటాయి. వినడానికి ఎక్కువే, కానీ ఆ కణంలో ఉన్న డీఎన్‌ఏ అక్షరాల జంటలు 600 కోట్ల పైమాటే. అంత రాశిలో ఆ 40 తెగిన చోట్లను ఏ వర్ణపటమూ నేరుగా చూపించలేదు. మనకు కనబడేదంతా ఆ దెబ్బ తర్వాత కణం పడే అవస్థ: ప్రొటీన్ల తీరు మారడం, కొవ్వులు పెరగడం తగ్గడం, గ్లైకోజెన్ (కణం దాచుకునే చక్కెర నిల్వ) పేరుకోవడం వంటివి.

ఎఫ్‌టీఐఆర్‌లో పరారుణ కాంతిని కణం మీదికి పంపి, ఏ బంధాలు ఎంత పీల్చుకున్నాయో చూస్తాం. తరంగ సంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే కాంతి తరంగాల లెక్క) 1650 దగ్గర ప్రొటీన్, 1740 దగ్గర కొవ్వులు, 1080, 1240ల దగ్గర ఫాస్ఫేట్లు పలుకుతాయి. సిగ్నల్ బలంగా వస్తుంది, పని చకచకా అయిపోతుంది. చిక్కల్లా నీళ్లతోనే. నీటి పీక్ (వర్ణపటంలో పైకి లేచే శిఖరం) 1640 దగ్గర, సరిగ్గా ప్రొటీన్ పీక్ మీదే వచ్చి కూర్చుంటుంది. అందుకే చాలామంది కణాలను ఆరబెట్టి చూస్తారు. ఆరబెడితే డీఎన్‌ఏ తన మామూలు బి-రూపం వదిలి ఏ-రూపంలోకి మళ్లుతుంది, 1225 దగ్గర ఉండాల్సిన ఫాస్ఫేట్ పీక్ 1240 వైపు జరుగుతుంది. ఆ జరుగుడు రేడియేషన్ వల్లనా, ఆరబెట్టడం వల్లనా? రెండు స్లయిడ్లు ఒకే తీరుగా ఆరలేదంటే ఇక చెప్పలేం. డీఎన్‌ఏ గురించి ఏదైనా తేల్చి చెప్పాలనుకునేవాళ్లు ఆరిన కణాలను నమ్ముకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రామన్‌కు ఈ బాధ లేదు. సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ 1928లో గమనించిన ఈ కాంతి చెదరడంలో నీటి గొంతు చాలా చిన్నది. కణాన్ని దాని ద్రవంలోనే ఉంచి చూడొచ్చు. ఒక మైక్రాన్ దరిదాపు మేర మీదే లేజర్‌ను నిలపొచ్చు కాబట్టి కేంద్రకాన్ని వేరుగా, దాని చుట్టూ ఉన్నదాన్ని వేరుగా చదవొచ్చు. ఎఫ్‌టీఐఆర్ చూపు కొన్ని మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. కణం మొత్తం పది, ఇరవై మైక్రాన్లే ఉంటుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

అయితే రామన్ సిగ్నల్ మహా బలహీనం. కోటి ఫోటాన్లలో ఏ ఒకటో రంగు మార్చుకుని వస్తుంది. సిగ్నల్ కోసం 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వాడితే ఫ్లోరోసెన్స్ (కణం తనంతట వెదజల్లే వెలుగు) వచ్చి పీకులను ముంచేస్తుంది. పైగా ఆ లేజరే కణాన్ని దెబ్బతీస్తే మొదటికే మోసం. 785 నానోమీటర్లకు మారితే కణం సుఖంగా ఉంటుంది కానీ సిగ్నల్ సుమారు ఐదో వంతుకు పడిపోతుంది. అప్పుడు ఒక్కో కణం దగ్గర ఓపిగ్గా కూర్చోవాలి. మామూలు గాజు స్లయిడ్ రెండింటికీ పనికిరాదు, కాల్షియం ఫ్లోరైడ్ లాంటివి కావాలి.

ఇక ఏ యంత్రమూ మనల్ని తప్పించలేని చిక్కు కణచక్రం. రేడియేషన్ తగిలిన కణాలు చాలావరకు విభజనకు ముందు జీ2 దశలో ఆగిపోతాయి. అప్పటికే వాటిలో డీఎన్‌ఏ రెట్టింపై ఉంటుంది. కాబట్టి రామన్‌లో తరంగ సంఖ్య 785 దగ్గరి (లేజర్ 785 నానోమీటర్లతో దీనికి సంబంధం లేదు) డీఎన్‌ఏ పీక్ పెరిగి కనబడితే, అది కేవలం విభజన ఆగిపోయిన గుర్తు కావచ్చు. రేడియేషన్ లేకుండా ఏదైనా మందు వేసి అదే దశలో ఆపినా పీక్ ఇంచుమించు అలాగే పెరుగుతుంది. కెనడా పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకు 50 గ్రే వరకు డోసులిచ్చి, రామన్‌లో గ్లైకోజెన్ పెరగడం చూశారు. మంచి ఫలితమే. కానీ అన్ని రకాల కణాలూ ఒకేలా స్పందించవు. రేడియోథెరపీలో ఒక్క విడతకు ఇచ్చేది సాధారణంగా 2 గ్రే అన్నదీ గుర్తుంచుకోవాలి.

క్రోమోజోమ్ పరీక్ష గెలిచేది ఇక్కడే. రెండు సెంట్రోమియర్లున్న (క్రోమోజోమ్‌కు మామూలుగా ఒక్కటే ఉండే నడుము ముడి) డైసెంట్రిక్ క్రోమోజోమ్‌లు రేడియేషన్ తప్ప ఇంకో కారణంతో పుట్టడం అరుదు. మామూలు మనుషుల రక్తంలో వెయ్యి లింఫోసైట్లకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఒకటి దొరికితే గొప్ప. రెండు రోజులు కల్చర్ చేసి, వందల కణాలు లెక్కపెట్టాలి. విసుగు పనే, కానీ 0.1 గ్రే వరకు తెలుస్తుంది. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో సీజియం ప్రమాదం జరిగినప్పుడు బాధితుల డోసు అంచనాకు ఆదుకున్నది ఈ పద్ధతే. డీఎన్‌ఏ తెగిన చోట్ల గుర్తుగా ఏర్పడే ప్రొటీన్ చుక్కలను లెక్కపెట్టే గామా-హెచ్2ఏఎక్స్ పరీక్ష ఇంకా త్వరగా అవుతుంది. అయితే ఆ చుక్కలు అరగంట, గంటలో శిఖరానికి చేరి, ఒక రోజులో చాలావరకు మాయమవుతాయి. ఆలస్యంగా వచ్చిన మనిషికి అది అక్కరకు రాదు.

ఎఫ్‌టీఐఆర్ ఇప్పటికే ఉన్న ల్యాబ్ అయితే దానితోనే మొదలుపెట్టి, తేడా కనబడిన కణాలకే రామన్ సమయం కేటాయించడం తెలివైన పని. రెంటిలో ఏది వాడినా, అదే బ్యాచ్ కణాల మీద గామా-హెచ్2ఏఎక్స్ కూడా చేసి పక్కన పెట్టుకోవాలి. రేడియేషన్ తగిలిన కణాన్ని వర్ణపటం చూసి గుర్తుపట్టడం కంప్యూటర్‌కు నేర్పేటప్పుడు ఒకే డిష్‌లో పెంచిన కణాల వర్ణపటాలు శిక్షణలోనూ పరీక్షలోనూ కలవకుండా చూసుకోవాలి. కలిస్తే ఫలితం కళ్లు చెదిరేలా వస్తుంది, మరో వారం పెంచిన కణాల మీద పెట్టేసరికి చతికిలబడుతుంది.