సంఘాలన్నీ ఒకటి కావడం మేలా, ఒకరినొకరు అంగీకరించడం మేలా?

రాయగడలో తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పెళ్లి మాటలు మొదలైతే మొదట వచ్చే ప్రశ్న, “వాళ్లది ఏ సంఘం?” అన్నదే. మాది లూథరన్ సంఘం. పర్లాకిమిడి, టెక్కలి వైపు నుంచి వచ్చే సంబంధాలు ఎక్కువగా బాప్టిస్టు కుటుంబాలవి. కటకం వైపు పరిచయస్థులు సి.ఎన్.ఐ. (ఉత్తర ఇండియా సంఘం) వారు, కృష్ణా జిల్లా బంధువులు సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు. అందువల్ల సంఘ పెద్దగా నేను ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న ఎదురవుతున్నది: ఈ సంఘాలన్నీ కలిసి ఒక్కటైపోతే మేలు కాదా, లేక సత్యం విషయంలో రాజీపడకుండా ఎవరి చోట వారు ఉండడమే మేలా? గత ఏడాది మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి వల్ల ఈ ప్రశ్నకు నాకు తోచిన సమాధానాన్ని వివరంగా రాయవలసిన అవసరం కలిగింది.

ముందుగా విలీనం కోరేవారి మాట. వారి వాదానికి మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాలే మంచి సాక్ష్యం. మా పూర్వీకులు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథరు రచనలు చదివి, తక్కిన సిద్ధాంతాలతో పోల్చి చూసి లూథరన్లు కాలేదు. 1876లో జర్మనీలో, డెన్మార్కు సరిహద్దుకు చేరువలో ఉన్న బ్రెక్లుం అనే ఊళ్లో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు ఒక మిషనును స్థాపించారు. ఆ మిషను తొలి మిషనరీలు 1882లో జయపురం సంస్థానం వైపు వచ్చారు. అందుచేత మేము లూథరన్లం. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని ప్రారంభించి శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి దాకా వచ్చారు. అందుచేత అక్కడివారు బాప్టిస్టులు. ఒక మిషను క్షేత్రంలోకి మరొకటి పోరాదన్న ఒప్పందం వల్ల, ఏ ఊళ్లో పుట్టామన్నదే ఏ సిద్ధాంతం మనదన్నదాన్ని నిర్ణయించింది. యూరపులో ఎప్పుడో జరిగిన తగవులను మన తాతలు, తమకు ఆ తగవుల్లో పాలు లేకపోయినా, వారసత్వంగా మోశారు.

ఈ బాధను అందరికంటే గట్టిగా చెప్పినవారు దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తెలుగు పల్లెల్లో పనిచేసిన ఆయన, విభజన అన్నది పాశ్చాత్య క్రైస్తవులకు అసౌకర్యమే కావచ్చు గాని ఇక్కడి సంఘానికి ప్రాణాంతకమన్న భావంతో, 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచి ఐక్యత కోసం శ్రమించారు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్క సంఘంగా కూర్చున్న ఆ రోజు ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనే గొప్ప రోజని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఆరు సంఘాలు కలిసి ఉత్తర ఇండియా సంఘం అయ్యాయి. ఒడిశాలో 1822 నుంచి పనిచేసిన ఇంగ్లీషు బాప్టిస్టుల సంఘాలు కూడా అందులో చేరాయి. శిశు బాప్తిస్మాన్నీ, విశ్వసించిన తరువాత ఇచ్చే బాప్తిస్మాన్నీ ఒకే సంఘంలో రెండింటినీ అంగీకరించిన ధైర్యం వారిది.

అయితే విలీనానికి ఒక వెల ఉంది. బిషప్పులు తల మీద చేతులుంచకుండా అభిషేకం పొందిన పాస్టర్ల పరిచర్య పూర్తిగా చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నకు దక్షిణ ఇండియా సంఘం 30 ఏళ్ల గడువు పెట్టుకొని, ఓర్పుతో సమాధానం వెతకవలసి వచ్చింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు కొందరు 1947లో చేరకుండా విడిగా ఉండిపోయారు. ఉత్తరాన అమెరికా మెథడిస్టుల నుంచి వచ్చిన పెద్ద సంఘం ఆఖరి దశలో వెనక్కి తగ్గింది. లూథరన్లకూ దక్షిణ ఇండియా సంఘానికీ మధ్య 1948 నుంచి ఏళ్ల తరబడి చర్చలు సాగాయి; సిద్ధాంతంలో ఎంతో దగ్గరకు వచ్చారు గాని విలీనం జరగలేదు. పాలన ఒకటి కావాలనగానే ఆస్తులు, ఎన్నికలు, పదవులు అన్నీ బల్ల మీదకు వస్తాయి, అసలు బల్ల, అంటే ప్రభువు భోజనపు బల్ల, పక్కకు పోతుంది. ఈ మాట తేలికగా అనడం లేదు; సంఘపు స్థలాల వ్యాజ్యంలో ఎన్నో రోజులు కోర్టు వరండాలో కూర్చున్న అనుభవంతో అంటున్నాను.

ఇక రెండో పక్షం. సత్యమే ముందు, పొత్తు తరువాత అనేవారి మాటను చాలామంది గర్వమని తోసివేస్తారు. అది న్యాయం కాదు. యోహాను సువార్త 17వ అధ్యాయంలో ప్రభువు తన వారందరూ ఏకమై ఉండాలని ప్రార్థించడానికి ముందే, అదే ప్రార్థనలో, “నీ వాక్యమే సత్యము” అని పలికాడు. విశ్వసించినవారికే బాప్తిస్మం అని నమ్మే బాప్టిస్టు సోదరుడు, పసిబిడ్డ తల మీద పోసిన నీళ్లు బాప్తిస్మం కాదంటే, అది అతనికి దేవుని ఎదుట మనస్సాక్షి మాట. మా లూథరన్లకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1529లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో లూథరు, స్విస్ సంస్కర్త త్స్వింగ్లీ కూర్చొని 15 అంశాలు చర్చించి, 14 అంశాల్లో ఏకీభవించి, ప్రభువు భోజనంలో ప్రభువు శరీరం ఎలా ఉన్నదన్న చివరి అంశం దగ్గర విడిపోయారు. “ఇది నా శరీరము” అన్న మాటను లూథరు లాటిన్‌లో సుద్దముక్కతో బల్ల మీద రాసుకొని, అక్కడి నుంచి కదలలేదు. ఆ పట్టుదల వెనుక ఉన్న భక్తిని నేను కాదనలేను. కాని ఆ 15వ అంశం, ఒక్క మాటలో తేలనంత మాత్రాన, తరువాతి శతాబ్దాల్లో ఎన్ని కుటుంబాల మధ్య గోడగా నిలిచిందో కూడా మరచిపోలేను.

రోమన్ కతోలిక సంఘం వైపు తిరిగి పోవడమే ఐక్యత అనేవారు మన జిల్లాల్లో తక్కువ. త్రియేక దేవుని నామమున ఇచ్చిన మన బాప్తిస్మాన్ని ఆ సంఘం గుర్తిస్తుందన్నది చాలామందికి తెలియని మంచి సంగతి. తక్కిన చర్చకు ఇక్కడ తావు లేదు. సంఘాలు ఎన్నైనా ఆత్మలో ఎప్పుడో ఒక్కటే అయ్యాం గనుక ఏమీ చేయనక్కరలేదు అనేవారి మాట వినడానికి హాయిగా ఉంటుంది, కాని పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన అమ్మాయికి ఆదివారం నాడు ఆ మాట పనికిరాదు.

నాకు మేలని తోచేది మూడో దారి: ఎవరి సంఘం వారిది, ఎవరి పాలన వారిది, కాని ఒకరి బాప్తిస్మాన్ని మరొకరు, ఒకరి ప్రసంగ వేదికను మరొకరు, ఒకరి ప్రభువు బల్లను మరొకరు పూర్తిగా అంగీకరించడం. ఇది కొత్త ఊహ కాదు. 1530లో లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలోని 7వ అంశం, సంఘపు నిజమైన ఐక్యతకు సువార్త బోధలోనూ సంస్కారాల (బాప్తిస్మం, ప్రభువు భోజనం) నిర్వహణలోనూ ఏకీభావం ఉంటే చాలునని, మనుషులు ఏర్పరచిన ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కరలేదని చెప్పింది. ఆ “చాలును” అన్న మాటే నాకు ప్రాణం. మార్‌బుర్గ్‌లో తెగిన పోగును 444 ఏళ్ల తరువాత, 1973లో, యూరపులోని లూథరన్ సంఘాలు, త్స్వింగ్లీ బాటలోని రిఫార్మ్డ్ సంఘాలు లాయెన్‌బెర్గ్ ఒప్పందంతో ఇలాగే ముడివేశాయి: ఎవరి విశ్వాస ప్రకటనలను వారు ఉంచుకొని, పాత ఖండనలు ఇప్పటి వారికి వర్తించవని చెప్పి, బల్లనూ వేదికనూ పంచుకున్నాయి. మన దేశంలోనూ సి.ఎస్.ఐ., సి.ఎన్.ఐ., కేరళకు చెందిన మార్తోమా సంఘం 1978లో ఉమ్మడి మండలిగా ఏర్పడి, మూడు సంఘాలుగా ఉంటూనే ఒకరి బల్ల దగ్గరకు ఒకరు వెళుతున్నాయి.

అయితే ఎంత సత్యంలో ఏకీభవిస్తే “చాలును”? నిర్ణయాత్మకమైన ప్రశ్న ఇదే. క్రైస్తవ విశ్వాసంలో సత్యం మొదట ఒక సూత్రం కాదు, ఒక వ్యక్తి. “నేనే మార్గమును, సత్యమును, జీవమును” అన్నవాడు ఒకడున్నాడు. వ్యక్తిని నమ్మడం ముందు, ఆయన గురించిన మాటలు తరువాత. అలాగని మాటలు అక్కరలేదా? ఇక్కడే కొందరు తొందరపడతారు. మా ఊళ్లో ఎవరినైనా అడ్రసు అడిగితే పేరొక్కటి చాలదు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఏ వీధి అన్నవి చెప్పాలి, లేకపోతే మరో మనిషి ఇంటికి పోతాం. విశ్వాస ప్రమాణం చేసే పని అదే. కన్య మరియ అని తల్లి పేరు చెబుతుంది, పొంతి పిలాతు అని అధికారి పేరు చెప్పి కాలాన్ని గుర్తిస్తుంది, మూడవ దినమున లేచాడని జరిగిన సంగతి చెబుతుంది. మనం పిలుస్తున్న యేసు ఎవరో పొరపాటు లేకుండా గుర్తుపట్టడానికి ఎంత కావాలో అంత సత్యంలో రాజీ ఉండకూడదు. దానికి అవతల బిషప్పులు ఉండాలా వద్దా, పాస్టరు తెల్లని అంగీ వేసుకోవాలా వద్దా అన్నవాటి కోసం బల్లను విడదీయకూడదు.

పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో ఐక్యత రెండుసార్లు వస్తుంది. 3వ వచనంలో “ఆత్మ కలిగించు ఐక్యమును కాపాడుకొనుట” అంటాడు. అది ఇప్పటికే ఇచ్చినది. 13వ వచనంలో విశ్వాస విషయంలోని ఏకత్వం మనం ఇంకా చేరవలసిన చోటుగా కనిపిస్తుంది. ఇచ్చినదాన్ని కాపాడుకుంటూ, చేరవలసినదాని వైపు కలిసి నడవాలి. ఆ నడకకు పౌలు చెప్పిన పద్ధతి, 15వ వచనంలో, “ప్రేమ కలిగి సత్యము చెప్పుచు” అన్నది. విలీనం కోరేవారు చేరవలసినదాన్ని ముందే చేరినట్లు ప్రవర్తిస్తారు. సత్యం ముందనేవారు ఇప్పటికే ఇచ్చినదాన్ని ఇంకా ఇవ్వనట్లు చూస్తారు.

మా సంఘంలో తెలుగు ఆరాధన, ఒడియా ఆరాధన వేరువేరు వేళల్లో జరుగుతాయి. పండుగలకు మాత్రం కలిసి చేస్తాం. ఆ రోజు విశ్వాస ప్రమాణాన్ని ఎవరి భాషలో వారు ఒకేసారి చెబుతారు. మొదటి వాక్యంలోనే గొంతులు విడిపోతాయి. ఒడియా వారు ఒకచోట ఊపిరి తీసుకుంటే మనవారు మరోచోట తీసుకుంటారు. మధ్యలో కాసేపు ఏ మాటా వినబడదు. పిలాతు పేరు దగ్గర మాత్రం రెండు భాషలూ ఒక్క క్షణం కలుస్తాయి, మళ్లీ విడిపోయి, ఆమేన్ దగ్గర అందరూ ఆగుతారు. ఐక్యతను గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ రెండు నిమిషాలు నాకు ఎక్కువ నేర్పాయి.

ఈ మూడో దారికీ ఒక కష్టమైన మలుపు ఉంది, అది బాప్తిస్మం. 1982లో లీమాలో ప్రపంచ సంఘాల మండలికి చెందిన విశ్వాస, క్రమ విభాగం వెలువరించిన పత్రం, తిరిగి బాప్తిస్మం ఇచ్చినట్లు కనిపించే ఏ పనీ చేయవద్దని కోరింది. అదే పత్రం శిశు బాప్తిస్మం ఇచ్చే మనలాంటివారినీ, అడిగినవారికల్లా విచారణ లేకుండా ఇవ్వడం మానుకోమని హెచ్చరించింది. రెండో మాటను మా వారు మరచిపోతారు. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించి, తరువాత పదేళ్లపాటు ఆ బిడ్డను గుడికి తీసుకురాని తల్లిదండ్రులు ఉన్నంతకాలం బాప్టిస్టుల అభ్యంతరానికి బలం మనమే ఇస్తున్నాం.

మా మేనకోడలికి నెలల వయసులో మా సంఘంలోనే బాప్తిస్మం జరిగింది. గత ఏడాది ఆమెను సరిహద్దు అవతల ఒక బాప్టిస్టు కుటుంబంలో ఇచ్చాం. అక్కడ ప్రభువు భోజనం జరిగిన మొదటి ఆదివారం, రొట్టె పళ్లెం వరుసలో ఆమె అత్తగారి దగ్గరకు వచ్చింది. ఆవిడ ఒక క్షణం ఆగి, కళ్లు దించుకొని, పళ్లేన్ని మా మేనకోడలి ముందు నుంచి అవతలి మనిషికి అందించారు. ఆ సాయంత్రం ఫోనులో మా మేనకోడలు, “అప్పుడు నాకు జరిగింది ఏమీ కాదా, మావయ్యా?” అని అడిగింది. వాళ్ల అమ్మ ట్రంకు పెట్టెలో దాచిన బాప్తిస్మపు సర్టిఫికెట్టు తీసి, చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చుంది. అక్కడి పాస్టరుగారు కఠినుడు కాదు. మరుసటి వారం వారి ఇంటికి వచ్చి, మళ్లీ ముంచుడు బాప్తిస్మం తీసుకుంటే అభ్యంతరం తొలగుతుందని, తన మనస్సాక్షి అంతకు మించి ఒప్పుకోవడం లేదని మృదువుగా చెప్పారు. తొందరపడి ఒప్పుకోవద్దనీ, ఆయన మీద కోపం పెట్టుకోవద్దనీ నేను ఆమెకు చెప్పాను. నన్ను అడిగే తక్కిన కుటుంబాలకూ ఇదే చెబుతున్నాను: సంబంధం ఖాయం చేసుకునే ముందే ఇద్దరు పాస్టర్లనూ కూర్చోబెట్టి, పిల్ల బాప్తిస్మాన్ని అంగీకరిస్తారా, బల్ల దగ్గరకు రానిస్తారా అని ఆ రెండు ప్రశ్నలే అడగండి.

క్రిస్మసుకు మా మేనకోడలు, ఆమె భర్త మా ఊరు వచ్చారు. 16వ ఏట చెరువులో ముంచి ఇచ్చిన అతని బాప్తిస్మాన్ని మా పాస్టరుగారు మారుమాట లేకుండా అంగీకరించారు. పెళ్లయిన తరువాత మొదటిసారి వాళ్లు పక్కపక్కన మోకరించి ఒకే రొట్టెలో పాలు తీసుకున్నారు. జనవరి మొదటి ఆదివారానికి తిరిగి తమ ఊరు చేరారు. అక్కడ పళ్లెం అతని దగ్గర ఆగి, ఆమెను దాటి పోయింది.